షట్టర్ దించిన మూడు రోజులు

బసవపున్నయ్య పేరెత్తితే చాలు, ముత్యాలుకు నోట్లో ముద్ద చేదయ్యేది. "నా ఊపిరి తిన్నది ఆ మధిర కాంట్రాక్టరే," అనేటోడు. ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పేటోడు. బస్సులో పక్కన కూసున్న పరాయోనికి చెప్పేటోడు. బీపీ చూడొచ్చిన ఆశా కార్యకర్తకు కూడా చేతికి పట్టీ చుట్టించుకుంటనే చెప్పిండు. "తునికాకు కాంట్రాక్టు ఆయనది, లాభం ఆయనది. బూజు పట్టిన బస్తాలు మాత్రం నావి. 'నీ కల్లం సరుకే కదయ్యా, నువ్వే దులిపించు' అని ఫోన్ పెట్టేసిండు. మూతికి కట్టుకోను పాత గుడ్డ పేలిక ఇచ్చిండా? ఒక ఫ్యాను పెట్టించిండా?"

అందులో అబద్ధం ఒక్కటి లేదు. బసవపున్నయ్య ఆ మాట అన్నడు, పేలిక ఇయ్యలేదు, ఫ్యాను పెట్టలేదు. కాకపోతే, ఆ బస్తాలకు బూజు ఎట్ల పట్టిందనే కాడికి వచ్చేసరికి ముత్యాలు దగ్గు తెచ్చుకునేటోడు. దగ్గు నిజమైన దగ్గే. అందుకని ఎవరూ మళ్ల అడగకపోయేది.

పాల్వంచ దాటి అడవి మొదలయ్యే కాడ ముత్యాలు ఊరు. ఏడో తరగతి సగంలో బడి వదిలిండు. పద్దెనిమిదేండ్ల నుంచి తునికాకు కల్లేదారు, బీడీలు చుట్టే ఆకు కొని ఎండబెట్టించే మనిషి. ఎండాకాలం నెల పదిహేను దినాలు కల్లం ఆయన రాజ్యం. అడవికి పోయినోళ్లు ఆకు తెంపి, యాభై ఆకులకొక కట్ట కట్టి తెస్తరు. ఆయన లెక్క చూసి తీసుకుంటడు, నేల మీద వరసలు పేర్పిస్తడు, తిరగేయిస్తడు. ఎండిన ఆకు అప్పడం లెక్క, ముట్టుకుంటే పిండైతది. అందుకని బస్తాకెత్తే ముందు నీళ్లు చిలకరిస్తరు. మెత్తబడ్డంక వెయ్యి కట్టలు ఒక బస్తాలో తొక్కి, ఆ బస్తాను మళ్ల రెండు దినాలు ఎండకు నిలబెట్టాలె. చిలకరించుడు ఎవడైనా చేస్తడు. ఆ రెండు దినాలు ఓపిక పట్టుడే కల్లేదారు పనితనం.

నిరుడు మే ఆఖర్న ముత్యాలు ఓపిక పట్టలేదు.

అందరికంటే ముందు కల్లం ఎత్తిన కల్లేదారుకు ప్రతి యేడు పాల్వంచ గోదాము కాడ లారీల ముందు నిలబెట్టి శాలువా కప్పేటోళ్లు. ముత్యాలుకు మూడేండ్లు వరసగా కప్పిండ్రు. ఆ మూడూ ట్రంకుపెట్టెలో మడత నలగకుండా ఉన్నయి. బడి నుంచి ఒక్క కాయితం తెచ్చుకోని మనిషికి అవే సర్టిఫికెట్లు. ఈసారి వాగవతలి కల్లపోడు ముందు ఎత్తేటట్టున్నడని తెలిసింది. పైన మబ్బు పట్టింది. చిలకరించాల్సిన నీళ్లు బిందెలతో కుమ్మరించిండు, తొక్కించిండు, ఎండ సూపకుండనే ఆ పొద్దే లారీకి ఎత్తించిండు. అరవై నాలుగు బస్తాలు. మోసే హమాలి బస్తా అడుగున చెయ్యి పెట్టి ఆగిండు.

"తడిగున్నయి గదనే."

"నీకు మోసుడు చెప్పిన్నా, చూసుడు చెప్పిన్నా?"

నాలుగో శాలువా వచ్చింది.

జూలైలో గోదాము కాపలాదారు ఫోన్ చేసిండు. ముత్యాలు పోయి బస్తాల నడుమ చెయ్యి పెడితే, జరమొచ్చిన మనిషి నుదురు తీర్గ కాలుతున్నయి. ఒకటి కోసి చూసిండు. ఆకుకు ఆకు అంటుకపోయి, నడుమ తెల్లగ, పసరుపచ్చగ బూజు. బసవపున్నయ్య "నువ్వే దులిపించు" అన్నది అప్పుడే.

నలుగురు ఆడోళ్లను పిలుచుకపోయిండు. అందులో పెద్ద పనిమంతురాలు కమ్లి. ఊరికి కూతవేటు దూరంలో తండా ఆమెది, ముప్పై ఆరేండ్లుంటయి. కట్టలు లెక్కపెట్టుట్ల, పక్కోళ్లను నవ్వించుట్ల ఆమె తర్వాతనే ఎవరైనా. పదేండ్ల కింద టీబీ వస్తే ఆరు నెలలు గోలీలు మింగి బాగు చేసుకున్నది. "నా ఛాతిల సర్కారు ముద్రున్నది, నన్నెవడేం చేస్తడు," అని తన మీద తనే పరాచికాలు ఆడుకునేది.

కట్ట విప్పి, ఆకులు దులిపి, మంచియి ఒకదిక్కు, మురిగినయి ఒకదిక్కు వెయ్యాలె. దులిపినప్పుడల్లా పచ్చటి పొగ లేచేది. మొదటి దినం పొద్దెక్కకముందే కమ్లి కొంగు ముక్కుకు చుట్టుకొని లేచింది.

"అన్నా, షట్టర్ లేపు. ఊపిరాడ్తలే."

"లేపితే రోడ్డంతా చూస్తది."

"చూస్తే ఏంది? మనమేమన్న గుడుంబా కాస్తున్నమా?"

"ఎదురుంగ చాయ్ బండి కాడ కల్లేదార్లంతా కూసున్నరు. నాలుగు శాలువాల ముత్యాలు బూజు దులుపుకుంటున్నడని నవ్వుతరు."

"నవ్వనీయ్. వాళ్లు నవ్వితే నువ్వు చస్తవా? గీ దుమ్ముకైతే మేం చస్తం."

మిగతా ఆడోళ్లు నవ్విండ్రు. ముత్యాలు కూడా నవ్విండు. షట్టర్ మాత్రం లేపలేదు. మూడు దినాలు లేపలేదు. ఒక్క మాట ఆయన పక్షాన చెప్పాలె: ఆయన కూడా లోపల్నే కూసున్నడు, వాళ్లు మింగిన దుమ్మే ఆయనా మింగిండు. మూడో దినం సాయంత్రం బయటికొచ్చి అయిదుగురూ ఉమ్మితే ఉమ్మి పచ్చగున్నది.

వినాయక చవితి దాటినంక కమ్లికి దగ్గు మొదలైంది. రొట్టె చేస్తుంటే దగ్గులో నెత్తురు పడింది. దవాఖానాలో ఎక్స్‌రే తీసిండ్రు, పాత మచ్చ ఉన్నది, పాత టీబీ కాయితం ఉన్నది. మళ్ల తిరగబెట్టిందన్నరు, గోలీలిచ్చిండ్రు. గోలీలు మింగుతనే ఉన్నది, బక్కగైతనే ఉన్నది.

కార్తీకంలో ముత్యాలు వంతు వచ్చింది. ఒకనాడు సైదమ్మ హోటల్లో చాయ్ తాగుతుంటే దగ్గు తెర మీద తెర వచ్చి, చేతిరుమాలులో ఎర్రగ పడ్డది. దాచుకుందామంటే బల్లకు అవతల ఆజం ఉన్నడు. పంక్చర్ షాపాయన. కన్ను చురుకు, నోరు అంతకంటే చురుకు.

"అరె ముత్యాలన్నా! నీ దగ్గు ముందు మా కంప్రెషర్ దండగ. ఆ రుమాలేంది ఎర్రగ? పాన్ వేసినవా, టీబీ పట్టిందా?"

పదిమంది తలలు తిప్పిండ్రు. సైదమ్మ ఆయన గ్లాసు వైపు చూసింది. ఆ చూపుకు ముత్యాలు ఒంట్లో నెత్తురంతా మొఖానికి ఎక్కింది. టీబీ అంటే తాగుబోతోళ్లకు, తిండిలేనోళ్లకు వచ్చేదని ఆ హోటల్లోనే ఎన్నిసార్లో అన్నడు ఆయన. అప్పుడు నోట్లకెల్లి వచ్చింది ఆ మాట:

"నాకెందుకొస్తదిరా? ఆ కమ్లికి వచ్చింది గద. గోదాములో మూడు దినాలు నా పక్కన కూసోని దగ్గింది. ఆమె కాడనే అంటుకున్నది."

గోదాములో కమ్లి దగ్గలేదు. షట్టర్ లేపమన్నది, అంతే. కానీ ఆయన చాయ్ చల్లారకముందే మాట తండాకు చేరింది. వారం తిరగలేదు, కమ్లిని మిరపతోట కావలి గుడిసెలో పెట్టిండ్రు. కంచం వేరు, చెంబు వేరు. మొగుడు హర్యా రెండు పూటలా అన్నం తెచ్చి ఒడ్డు మీద పెట్టి, కేకేసి వెనక్కి తిరిగేటోడు. పిల్లలను తోట దిక్కు రానియ్యకపోయేది.

ముత్యాలు కళ్లెను రెండుసార్లు పరీక్ష చేసిండ్రు, టీబీ లేదన్నరు. ఎందుకైనా మంచిదని ఖమ్మం పంపిండ్రు. అక్కడ డాక్టర్ ఫరహా అని, చిన్న వయసు ఆడమనిషి, పెద్ద మిషన్లో ఫోటో తీయించి, గొట్టం వేసి పరీక్ష చేయించి, నాలుగో దినం ముత్యాలునూ, ఆయన భార్య హైమనూ కూసోబెట్టి చెప్పింది.

"మీది టీబీ కాదండీ. బూజు. ఫంగస్ అంటాం. దాని గింజలు కంటికి కనపడకుండా గాలిలో లేస్తాయి. అందరం పీలుస్తాం, అందరికీ ఏమీ కాదు. మీకు షుగర్ ఉంది. మోకాళ్ల నొప్పికని ఊళ్లో ఎవరో ఇచ్చిన గోలీలు ఆరు నెలలుగా మింగుతున్నారు, అవి ఒంట్లో కాపలా లేకుండా చేశాయి. ఒక్కసారే బాగా పీల్చి ఉండాలి. ఎక్కడ? తడిసిన గడ్డి గానీ, మురిగిన ధాన్యం గానీ, మూసిపెట్టిన గోదాము గానీ?"

"ఏం లేదు మేడం," అన్నడు ముత్యాలు.

హైమ నోరు తెరిచింది. బల్ల కింద ఆయన ఆమె కాలు తొక్కిండు.

డాక్టర్ కాయితం రాస్తనే అన్నది: "మీతో పాటు ఇంకెవరైనా పీల్చారేమోనని అడుగుతున్నా. ఒకప్పుడు టీబీ వచ్చి తగ్గినవాళ్ల ఊపిరితిత్తుల్లో గుంతలు మిగులుతాయి. ఈ బూజు ఆ గుంతలో ముద్ద కట్టుకుంటుంది. టీబీయే మళ్లీ వచ్చిందని పొరపాటు పడి ఆ మందులే ఇస్తారు. ఎంత మింగినా తగ్గదు. ఒకరోజు రక్తం ఆగకుండా కక్కి ప్రాణం పోవచ్చు. అట్లాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

అప్పుడు ఆయనకు కమ్లి సంగతి అంతా తెలిసిపోయింది. బల్ల మీద రాళ్లు పేర్చి చూపించినట్టు తెలిసింది.

"లేరు మేడం."

"ఇది అంటుతదా డాక్టరమ్మా?" హైమ అడిగింది.

"ఒకరి నుంచి ఒకరికి అంటదమ్మా. ఒక్క కంచంలో తిన్నా అంటదు."

వచ్చేటప్పుడు బస్సులో హైమ చెప్పు విప్పి కాలు చూసుకున్నది. కొత్తగూడెం దాటినంక అన్నది: "కాలు వాచింది. తొక్కుడైతే గట్టిగనే తొక్కినవ్."

గోలీలు పనిచేసినయి. రెండు వారాలకు దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. ముత్యాలు అన్నం ముందు కూసున్నప్పుడల్లా హైమ వడ్డిస్తనే, ఎవరితోనో అన్నట్టు, "అంటదంట," అనేది. అంతే. ఆయన ముద్ద మింగేటోడు. రేపు పోయి చెప్పొస్తననుకునేటోడు. చెప్తే ఏమైతదో వరసగ కనపడేది: హోటల్లో నవ్వుతరు, తండా మీద పడతది, తడి బస్తాల ముచ్చట బసవపున్నయ్యకు తెలిసి కల్లం పోతది. ఇన్ని కనపడుతుంటే, ఆ గుడిసెలో మనిషి వెనక్కి పోయి చిన్నగైపోయేది. ఇట్ల రేపు, రేపు అనుకుంటనే ఇరవై మూడు దినాలు గడిచినయి.

ఇరవై నాలుగో పొద్దున హర్యా వచ్చిండు. భుజం మీద ఎండుమిరప బస్తా. అరుగు మీద దించి, గడప ఎక్కకుండ దూరంగనే చేతులు కట్టుకొని నిలబడ్డడు.

"అన్నా, తండాలో పెద్దమనుషులు కూసున్నరు. మా ఆడిది నీకు బీమారి అంటించింది. తప్పు మాదే. జుర్మానా కింద ఈ బస్తా నీకియ్యాలన్నరు. ఈ యేడు తోట మంచిగ రాలే అన్నా, లేకుంటే రెండిస్తుంటిమి. మనసులో పెట్టుకోకు. ఆమెకు కూడా మాఫ్ చెయ్యి."

ముత్యాలు బస్తానే చూసిండు. వద్దంటే ఎందుకొద్దో చెప్పాలె. తీసుకుంటే... తీసుకుంటే అయ్యేదానికి పేరేందో ఆయనకు తెలియదు. తల ఊపిండు. ఊపింది అవ్ అనో, కాదనో ఆయనకే తెలియదు. హర్యా దాన్ని అవ్ అనుకొని దండం పెట్టి పోయిండు.

హైమ బయటికొచ్చి బస్తా మూతి విప్పి, పిడికెడు కాయలు చేతిలోకి తీసుకున్నది.

"మంచి రంగున్నయి. చెప్పు, ఇయ్యాల కూర వీటితోనే చెయ్యాల్నా?"

ముత్యాలు బస్తాను బండి మీద వేసుకొని మిరపతోటకు పోయిండు.

గుడిసె ముందర కమ్లి నులకమంచం మీద కూసోని ఉన్నది. రైక భుజాల మీద నిలవక జారుతున్నది. కళ్లు మాత్రం పాతయే.

"ఆడనే ఆగు అన్నా. లోకమంతా ఆగే రాయి అదే. మళ్ల అంటించిన అంటవ్."

ఆయన రాయి దాటి వచ్చిండు. మంచం పక్కన నేల మీద కూసున్నడు.

"కమ్లీ, ఖమ్మంలో ఒక డాక్టరమ్మ ఉన్నది. నిన్ను తీస్కపోత. నీది టీబీ కాదు కావచ్చు."

"నువ్వెప్పుడు డాక్టర్ చదివినవ్? ఏడో తరగతిలనేనా?"

"నాకొచ్చింది చూసి చెప్పింది. బూజు అంట. ఆకుల మీది బూజు. పీలిస్తే లోపల మొలుస్తదంట. పాత టీబీ ఉన్నోళ్లకు నీ తీర్గనే అయితదంట."

కమ్లి కొంచెంసేపు ఊపిరి కూడదీసుకున్నది. "అంటే, నా కాడ నీకు అంటలే."

"అంటలే. అది అంటేది కాదు. బస్తాలు నేనే తడిపి, ఎండబెట్టకుంట పంపిన. షట్టర్ నేనే దించిన."

"షట్టర్ సంగతి నాకెరికే. నేనాడనే ఉన్న." దగ్గు వచ్చి ఆగింది. "డాక్టరమ్మ ఎప్పుడు చెప్పింది?"

ఈ ప్రశ్న ఆయన అనుకోలేదు. నిన్న అనొచ్చు. మొన్న అనొచ్చు. నాలుక చివర దాకా వచ్చింది కూడా.

"నెలకు వారం తక్కువ."

కమ్లి ఆయనను చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండు. తిట్లకు ఆయన దగ్గర జవాబులున్నయి, బసవపున్నయ్య ఉన్నడు, లారీ ఉన్నది, మబ్బు ఉన్నది. ఆమె కొంగుతో మూతి తుడుచుకొని, చిన్నగ అన్నది:

"నాకు చెప్తే ఏం లాభం అన్నా? నా పిల్లలు నన్ను ముట్టుకోక రెండు నెలలైతున్నది. సైదమ్మ హోటల్ల గద చెప్పినవ్, పోయి ఆడనే చెప్పు. హర్యాను పిలిపించి వాని ముంగట చెప్పు. అప్పుడు నీ బండెక్కుత."

"నడువు, ముందు దవాఖానాకు పోదం, వచ్చినంక..."

"ఎక్కను. దారిల చచ్చిన అనుకో, అంటించినదన్న పేరుతోనే చావాలె. నేనట్ల చావను."

ముత్యాలు హోటల్‌కు పోయిండు. బస్తా బండి మీదనే ఉన్నది. హర్యాను పిలిపించిండు, వెంట తండా పెద్దమనుషులు ఇద్దరు వచ్చిండ్రు. పొద్దున చాయ్ వేళ, బల్లలన్నీ నిండున్నయి. బల్ల అంచు పట్టుకొని నిలబడి చెప్పిండు. బిందెల నీళ్లు చెప్పిండు. శాలువా కోసమని చెప్పిండు. కమ్లి దగ్గలేదని, తాను అబద్ధమాడినని చెప్పిండు. ఇరవై నాలుగు దినాల సంగతి చెప్పేటప్పుడు తల దించుకొని గొణిగిండు, ఆజం "జర గట్టిగ చెప్పన్నా, ఇనపడ్తలే," అన్నడు. అది ఎకసెక్కం కాదు, నిజంగనే ఇనపడలేదు. మళ్ల చెప్పాల్సొచ్చింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వుతరని మూడు దినాలు షట్టర్ దించిన మనిషి, నవ్వితే బాగుండని చూసిండు.

హర్యా లేచి, బండి మీది బస్తా తాడు విప్పుకొని, భుజానికెత్తుకున్నడు. ముత్యాలు మొఖం చూడలేదు. ఇంటికి కాదు, తోట దిక్కు ఉరికిండు.

ఖమ్మంలో డాక్టర్ ఫరహా కమ్లి ఫోటోను వెలుగు పలక మీద పెట్టింది. ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో గుంత, గుంతలో గుండ్రంగ నిమ్మకాయంత ముద్ద. చుట్టూ కూడా చెడింది.

"ఆ రోజు మిమ్మల్ని రెండుసార్లు అడిగాను," అన్నది ముత్యాలుతో. "ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గయింది మేడం."

"ఎవరి ముందు?"

ఆయన గోడను చూసిండు. డాక్టర్ కమ్లి కాయితం రాయబట్టింది. మర్యాదగనే మాట్లాడింది. ఆ మర్యాద హోటల్ల నిలబడ్డదానికంటే బరువైంది.

మూడో దినం కమ్లి గిన్నెడు నెత్తురు కక్కింది. హైదరాబాదు తీస్కపోయి, ఆ భాగం కోసి తీసెయ్యాల్సొచ్చింది. సర్కారు కార్డు ఆపరేషన్‌కు కొంత పనికొచ్చింది. బూజు మందు మాత్రం బయట కొనాలె, ఆరు నెలలు మింగాలె. ముత్యాలు ఎవరినీ అడగకుండ వాగు పక్కనున్న ఎకరానికి కాస్త తక్కువ భూమి బేరానికి పెట్టిండు. హైమ పట్టాదారు పాసుబుక్కు తెచ్చి ఆయన ముంగట పెట్టింది.

కమ్లి బతికింది. పిల్లలు ఆమె ఒళ్లో పడుకుంటున్నరు. కానీ అడవికి పోలేదు. పది అడుగులు వేసి, నడుం మీద చెయ్యి పెట్టుకొని ఆగుతది. "కాళ్లున్నయి అన్నా, వాటెంబడి పోను గాలి లేదు," అన్నది ఒకసారి, ఆయన మందులు ఇయ్యపోయినప్పుడు. మందులు తీసుకున్నది. కూసోమనలేదు. హర్యా ఇంటి వెనకకు పోయిండు.

ఎండాకాలం వచ్చింది. కల్లం ఇంకొకనికి ఇచ్చిండ్రు. బసవపున్నయ్య ఫోన్ కూడా చేయలేదు, మనిషితో చెప్పి పంపిండు. ముత్యాలు ఆయనను ఎవరి దగ్గరా తిట్టలేదు. తిట్టాల్సినోడు కాడని కాదు. నోరు తెరిస్తే వరసలో తర్వాతి పేరు తనదని తెలిసి.

భూమి రిజిస్ట్రేషన్ అయిన దినం సైదమ్మ చాయ్‌కు పైసలు వద్దన్నది. "తండా ఆడిదాని కోసం భూమి అమ్మినవ్. గింత ధర్మం ఎవరు చేస్తరు ముత్యాలూ, ఈ కాలంలో?" బల్లల మీదోళ్లు అవ్ అవ్ అన్నరు. ఆజం లేచి, కుర్చీ దులిపి, ఆయన దిక్కు జరిపిండు.

నాడు ఇదే హోటల్ల తప్పు ఒప్పుకుంట ఒకే మాట రెండుసార్లు చెప్పినప్పుడు కూడా ఆయన మొఖం అట్ల కాలలేదు. ధర్మం కాదు అని చెప్పాలనుకున్నడు. చెప్పడానికి మళ్ల మొదటి నుంచి ఎత్తుకోవాలె, వాళ్లేమో నవ్వుతున్నరు, మంచిగ నవ్వుతున్నరు. చాయ్ గ్లాసు నిండుగనే బల్ల మీద పెట్టి, పది రూపాయలు దాని కింద పెట్టి లేచిండు.

"ఎంత భూమి అమ్మినవన్నా?" అని వెనక నుంచి ఎవరో అడిగిండ్రు.

దానికైతే జవాబున్నది. తిరిగి చూడకుండనే చెప్పిండు.

"ముప్పై నాలుగు గుంటలు."